మీ బొమ్మలను కలెక్షన్లుగా విడగొట్టాలంటే ఏ పద్ధతి మేలు?

కొన్నేళ్ళపాటు ఆపకుండా బొమ్మలు వేసినవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు తప్పదు. బొమ్మలు వంద దాటిపోతాయి, వాటిలో ముఖాలుంటాయి, చెట్లుంటాయి, ఫలానా అని చెప్పలేని రంగుల ప్రయోగాలూ ఉంటాయి, ఎవరైనా "మీ పని చూపించండి" అనగానే ఏది ముందు తీయాలో తెలీక టెన్షన్ మొదలవుతుంది. అన్నీ కుప్పగా చూపిస్తే పదో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి చూసేవాళ్ళకి మొదటిది గుర్తుండదు. పోనీ విడగొడదాం అనుకుంటే దేన్ని బట్టి? విషయాన్ని బట్టా, రంగుని బట్టా, వేసిన ఏడాదిని బట్టా, వాడిన మాధ్యమాన్ని బట్టా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కలెక్షన్ చూసేవాళ్ళ కోసం, రికార్డు మీ కోసం. ఏ బొమ్మ ఎప్పుడు వేశారు, దేని మీద వేశారు, సైజెంత, ఇప్పుడు ఎవరి దగ్గరుంది అన్నవన్నీ రికార్డులోకి వెళ్ళాలి, దానికి ఒక నోట్‌బుక్కో స్ప్రెడ్‌షీటో చాలు. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ ఉంటే రెండూ ఇంకా బాగా కనిపిస్తాయి అన్నది మాత్రమే కలెక్షన్ పని. ఈ రెండు పనులూ ఒకేదానితో చేయించబోతేనే ఎంపిక ఎటూ తేలకుండా పోతుంది.

## ఎంచుకునే ముందు అడగాల్సినవి

మొదటిది: మీరు పక్కన నిలబడి వివరించకపోయినా ఇవన్నీ ఒకచోట ఎందుకున్నాయో కొత్తవాళ్ళకి అర్థమవుతుందా? రెండోది: వచ్చే ఏడాది మీరు వేయబోయే బొమ్మలకి అందులో చోటుంటుందా? మూడోది: ఒకే బొమ్మ రెండు మూడు గుంపుల్లో పడుతుంటే ఏం చేస్తారు? నాలుగోది చాలామంది మర్చిపోయేది: అందులోంచి రెండు మంచి బొమ్మలు అమ్ముడైపోతే మిగిలినవి ఒక గుంపుగా ఇంకా నిలబడతాయా?

ఈ నాలుగింట్లో మొదటిదే నాకు ముఖ్యం. మిగతావాటిని ఎలాగోలా సర్దుకోవచ్చు, చూడగానే అర్థం కాని గుంపుకి మాత్రం కింద ఎంత పొడుగు వివరణ రాసినా లాభం ఉండదు.

పద్ధతులన్నిటినీ ఒకే బొమ్మ మీద పరీక్షించి చూద్దాం. నీటిరంగుల్లో వేసిన చిన్న బొమ్మ ఒకటి ఉందనుకోండి. మూసిన కిటికీ, అద్దం మీద వాన చుక్కలు, లోపల ఎవరూ కూర్చోని కుర్చీ. అంతా నీలం, బూడిద ఛాయలే, కుర్చీ వీపు మీద మాత్రం సన్నగా ఒక పసుపు గీత.

## విషయాన్ని బట్టి

అందరికీ మొదట తట్టేది ఇదే, చూసేవాళ్ళకి తేలిగ్గా అందేదీ ఇదే. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1830ల్లో తెచ్చిన ఫ్యూజీ పర్వతం బొమ్మలు చూడండి. 36 దృశ్యాలని మొదలుపెట్టి, ఆదరణ బావుండటంతో ఇంకో 10 కలిపాడు, మొత్తం 46 అయ్యాయి. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ పెద్ద అల బొమ్మ కూడా వాటిలోదే, దాంట్లో పర్వతం అల కింద ఎక్కడో దూరంగా చిన్నగా కనిపిస్తుంది. ఇంకో బొమ్మలో అదే పర్వతం దాదాపు కాగితమంతా ఆక్రమించేస్తుంది. విషయం ఒకటే, చూసే చోటూ దూరమూ వాతావరణమూ మారుతుంటాయి, అందుకే 46 చూసినా విసుగు రాదు. కొత్తవాటికి చోటు ఎలా ఉండాలో కూడా ఆ 10 బొమ్మలే చెబుతున్నాయి.

ఈ పద్ధతిలో చేసే పెద్ద పొరపాటు పేర్లు మరీ వెడల్పుగా పెట్టడం. "ప్రకృతి", "మనుషులు", "జంతువులు" అని మూడు గుంపులు చేస్తే మీరు చేసింది సర్దుడు మాత్రమే, ఆ మూడు పేర్లూ ఏ ఆర్టిస్టు పనికైనా సరిపోతాయి కాబట్టి మీ గురించి అవి ఏమీ చెప్పవు. దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఇటలీ చిత్రకారుడు జోర్జియో మొరాండీ ఉన్నాడు, దశాబ్దాలపాటు అవే సీసాలు, కూజాలు, డబ్బాలు బల్లమీద అటూ ఇటూ జరిపి వేస్తూ పోయాడు. విషయం ఎంత ఇరుకైతే చూసేవాళ్ళు చిన్న తేడాల్ని అంత శ్రద్ధగా చూస్తారు. కాకపోతే అంత ఇరుకులో ఉండగలిగే ఓపిక అందరికీ ఉండదు, ఉండాల్సిన పనీ లేదు.

మరి మన కిటికీ బొమ్మ ఎటు వెళ్తుంది? కిటికీల్లోకా, కుర్చీల్లోకా, వానలోకా? ఆ ఒక్క బొమ్మనే చూస్తూ కూర్చుంటే తేలదు. మిగతా బొమ్మలు చూడాలి. వాటిలో దుప్పటి నలిగిన ఖాళీ మంచం ఒకటి, గుమ్మం బయట విడిచిన చెప్పులు ఒకటి, సగం తాగి వదిలేసిన గ్లాసు ఒకటి దొరికాయనుకోండి, మీ విషయం కిటికీ కాదు, కుర్చీ కాదు, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళిపోయిన గది. ఇలాంటి విషయమే కలెక్షన్‌ని నిలబెడుతుంది. అందులో వస్తువు ఉంది, దాన్ని మీరు చూసిన తీరూ ఉంది.

## మూడ్‌ని, రంగుని బట్టి

పికాసో 1901 నుంచి 1904 వరకు వేసిన బొమ్మల్ని నీలి దశ అంటారు. స్నేహితుడు కసాగెమాస్ ఆత్మహత్య తర్వాత మొదలైన ఆ బొమ్మల్లో ఉన్నది నీలం రంగు ఒక్కటే కాదు, బిచ్చగాళ్ళు, గుడ్డివాళ్ళు, ఒంటరి తల్లులు ఉంటారు. రంగూ విషయమూ ఒకే వైపుకి లాగుతున్నాయి, ఆ దశకి అంత పట్టు అక్కడినుంచే వచ్చింది.

రంగు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ పట్టు రాదు. నీలం బొమ్మలన్నీ ఒకచోట పెడితే గోడ మీదా స్క్రీన్ మీదా చాలా అందంగా ఉంటుంది, ఇల్లు అలంకరించుకోడానికి కొనేవాళ్ళకి తెగ నచ్చుతుంది, అది తక్కువ విషయమేమీ కాదు. మన కిటికీ బొమ్మకైతే ఒక లాభం కూడా ఉంది, చుట్టూ నీలాలే ఉంటే ఆ పసుపు గీత ముందు కంటికి తగులుతుంది. కానీ దాని పక్కన నీలం చేప, నీలం పూలగుత్తి వచ్చి కూర్చుంటే ఖాళీ కుర్చీలోని దిగులు ఎవరికీ కనబడదు. కాబట్టి మూడ్‌ని ముందు చూడండి, రంగు దానికి సాక్ష్యంగా ఉంటే చాలు.

ఒక ఆచరణ సంగతి. రంగుని బట్టి గుంపు చేస్తే బొమ్మలన్నిటికీ ఫొటోలు ఒకే వెలుతురులో, ఒకే సెట్టింగ్‌తో మళ్ళీ తీయాల్సిందే. ఒకటి పొద్దుటి వెలుతురులో, ఇంకొకటి రాత్రి బల్బు కింద తీస్తే ఒకే నీలం ఒకచోట చల్లగా, ఇంకోచోట పసుపు జీరతో కనిపించి గుంపు మొత్తం చెదిరిపోతుంది.

## కాలాన్ని బట్టి

ఇంతకన్నా తేలికైంది లేదు, ఏ బొమ్మా రెండుచోట్ల పడదు. అయినా దీన్ని ముందువరసలో పెట్టమని నేను చెప్పను. మీ ఎదుగుదల మీకూ మీవాళ్ళకీ ఆసక్తికరం, మిమ్మల్ని మొదటిసారి చూస్తున్నవాళ్ళకి "2021 బొమ్మలు" అన్న పేరు ఏమీ చెప్పదు. నీలి దశ లాంటి పేర్లు తర్వాతి వాళ్ళు వెనక్కి తిరిగి చూసి పెట్టినవి. స్పెయిన్ చిత్రకారుడు గోయా చివరి ఏళ్ళలో తన ఇంటి గోడల మీద వేసుకున్న 14 బొమ్మలకి ఆయన ఏ పేరూ పెట్టలేదు, వాటిని నల్ల చిత్రాలని పిలవడం ఆయన పోయాక వచ్చిన అలవాటు. దశ అనేది దాని మధ్యలో ఉన్నవాళ్ళకి సాధారణంగా కనిపించదు.

మినహాయింపు ఒకటుంది. మొదలూ చివరా స్పష్టంగా ఉన్న కాలమైతే, అంటే ఒక ఊళ్ళో గడిపిన ఆర్నెల్లు, జబ్బుపడి మంచంలో ఉండి వేసిన బొమ్మలు, రోజుకొకటి చొప్పున ఒక నెల వేసినవి, అప్పుడు కాలమే విషయం అవుతుంది.

## మాధ్యమాన్ని బట్టి

ఆయిల్, నీటిరంగులు, ఇంక్, డిజిటల్ అని పంచడం. రికార్డుకి ఇది చాలా అవసరం, కలెక్షన్‌కి చాలాసార్లు చేటు. ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా నర్తకీమణుల్ని ఆయిల్‌లో వేశాడు, పాస్టెల్‌లో వేశాడు, మోనోటైప్‌లు (రేకు మీద వేసి కాగితం మీదకి అచ్చు తీసే బొమ్మలు) చేశాడు, మైనంతో శిల్పాలూ చేశాడు. మాధ్యమం ప్రకారం విడదీస్తే ఆయన జీవితమంతా వెంటాడిన విషయం నాలుగు ముక్కలైపోతుంది. మన కిటికీ బొమ్మదీ అదే గతి, దాని తోడు బొమ్మ ఖాళీ మంచం ఆయిల్‌లో ఉంటే రెండూ ఎప్పటికీ కలవవు. మీ ఇంక్ కార్టూన్లూ ఆయిల్ ప్రకృతి దృశ్యాలూ ఇద్దరు వేరే మనుషులు వేసినంత తేడాగా ఉంటేనే మాధ్యమాన్ని పైస్థాయి విభజనగా పెట్టుకోండి.

## ముందే నియమం పెట్టుకుని వేసే సిరీస్

ఇప్పటిదాకా చెప్పినవి వేసేసిన బొమ్మల్ని పంచుకునే పద్ధతులు. ఇది వేరు. ఇక్కడ గుంపు ముందు పుడుతుంది, బొమ్మలు తర్వాత వస్తాయి.

ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే వేసిన గడ్డివాములు దీనికి మంచి ఉదాహరణ. ఒకే పొలంలోని వాముల్ని వేర్వేరు వేళల్లో, వేర్వేరు రుతువుల్లో వేస్తూ, వెలుతురు మారగానే ఒక కాన్వాస్ పక్కనపెట్టి ఇంకోటి అందుకునేవాడు. 1891లో పారిస్‌లో వాటిలో 15 ఒకేసారి ప్రదర్శించారు. తర్వాత రూవాఁ చర్చి ముఖభాగాన్ని 30కి పైగా కాన్వాసుల మీద వేసి, అక్కడికక్కడే వదిలేయకుండా స్టూడియోకి తెచ్చుకుని మళ్ళీ పనిచేసి, 1895లో 20 చూపించాడు. స్టూడియోలో ఆ రెండో విడత పని నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది, ఎందుకంటే విడివిడిగా బావున్న బొమ్మలు పక్కపక్కన పెట్టినప్పుడు కొట్టుకోవచ్చు, ఒకదాన్ని చూస్తూ ఇంకోదాన్ని సరిచేస్తేనే అది సిరీస్ అవుతుంది.

నియమం ఎంత గట్టిదైనా కావచ్చు. జోసెఫ్ ఆల్బర్స్ 1950లో చదరంలో చదరం పెట్టి రంగులు మార్చే సిరీస్ మొదలుపెట్టి 1976లో చనిపోయేదాకా వేస్తూనే ఉన్నాడు. ఆన్ కవారా 1966 జనవరి 4న మొదలుపెట్టిన తేదీల బొమ్మల్లో ఆరోజు తేదీ తప్ప ఇంకేమీ ఉండదు, అర్ధరాత్రికల్లా పూర్తికాకపోతే దాన్ని నాశనం చేసేవాడు.

మీరు అంత దూరం వెళ్ళక్కర్లేదు. రెండు విషయాలు బిగించి ఒకటి వదిలేయండి: అదే సైజు, అదే కిటికీ, వేళ మాత్రం మారుతుంది. లేదా అదే కుర్చీ, అవే మూడు రంగులు, చోటు మారుతుంది. మూడూ బిగిస్తే మూడో బొమ్మకే విసుగొస్తుంది, మూడూ వదిలేస్తే నియమం పెట్టుకున్న లాభం లేదు. ముందు ఏడో తొమ్మిదో వేస్తానని అనుకోండి, సాగితే పెంచుకోవచ్చు. యాభై అని ప్రకటించి పన్నెండు దగ్గర ఆగిపోతే ఆ పన్నెండూ ఎంత బావున్నా సగంలో వదిలేసినట్టే కనిపిస్తాయి.

లోపం ఏమిటంటే ఇది మీ పాత వంద బొమ్మల సమస్యని తీర్చదు. వాటిని వెనకనుంచి ఒక నియమంలోకి బలవంతంగా దూర్చకండి, చూసేవాళ్ళు కనిపెట్టేస్తారు.

రుతువులు, నెలలు, గ్రహాలు లాంటి లెక్క తెలిసిన చట్రాల్ని అరువు తెచ్చుకోవడం కూడా ఇందులోదే. మన రాగమాల చిత్రాలు అలా రాగాల చట్రం మీద నడిచినవే. ఎన్ని బొమ్మలు రావాలో అందరికీ తెలుసు కాబట్టి గుంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పక్కర్లేదు. కాకపోతే పన్నెండు నెలల్లో తొమ్మిదింటికే మీకు చెప్పేదుండి మూడు నింపడానికి వేస్తే ఆ మూడూ తెలిసిపోతాయి.

## కథగా నడిచే వరస

జేకబ్ లారెన్స్ 1940, 41ల్లో అమెరికా దక్షిణం నుంచి ఉత్తరానికి నల్లజాతివాళ్ళ వలస గురించి 60 పలకల మీద బొమ్మలు వేశాడు, ప్రతిదానికీ ఒక చిన్న వ్యాఖ్య ఉంటుంది. అన్నీ ఒకే చేతి ముద్రతో ఉండాలని పలకల్ని ఒకటొకటిగా పూర్తి చేయలేదు, ఒక రంగు తీసుకుని అది కావాల్సిన పలకలన్నిటి మీదా వేసి, అప్పుడు తర్వాతి రంగుకి వెళ్ళేవాడు. బొమ్మల వరసకి క్రమం ముఖ్యమైనవాళ్ళు ఈ పద్ధతి ప్రయత్నించి చూడాలి. ఇంత కట్టుగా చేసిన వరస కూడా అమ్మకంలో రెండుగా చీలింది, బేసి సంఖ్య పలకలు వాషింగ్టన్‌లో, సరి సంఖ్యవి న్యూయార్క్‌లో వేర్వేరు మ్యూజియాల్లో ఉన్నాయి.

## ఒకచోట పెట్టి చూస్తే

| పద్ధతి | వివరణ లేకుండా అందుతుందా | కొత్త బొమ్మలకి చోటు | రెండుచోట్ల పడే ప్రమాదం | ఒకటి రెండు వెళ్ళిపోతే |
|---|---|---|---|---|
| విషయం | చాలా తేలిగ్గా | బాగా ఉంటుంది | ఎక్కువ | నిలబడుతుంది |
| మూడ్, రంగు | చూడగానే | ఉంటుంది | కొంత | నిలబడుతుంది |
| కాలం | అందదు | ఏడాదితో మూసుకుపోతుంది | లేదు | నిలబడుతుంది |
| మాధ్యమం | అందుతుంది, కానీ చెప్పేది తక్కువ | బాగా ఉంటుంది | తక్కువ | నిలబడుతుంది |
| నియమం ఉన్న సిరీస్ | పక్కపక్కన పెడితే అందుతుంది | నియమాన్ని బట్టి | లేదు | సంఖ్య ముందే చెప్పుంటే దెబ్బ |
| కథ | క్రమంలో చూస్తే | ఉండదు | లేదు | కథ తెగిపోతుంది |

## మీరెవరు అన్నదాన్ని బట్టి

ఇప్పుడిప్పుడే మొదలుపెట్టి పాతిక ముప్ఫై బొమ్మలే ఉన్నవాళ్ళు ఐదు కలెక్షన్లు చేయకండి. ఒక్కో గుంపులో నాలుగేసి బొమ్మలుంటే ఏదీ నిండుగా కనిపించదు. బలంగా కలిసే ఎనిమిది తీసి ఒక కలెక్షన్ చేయండి, మిగతావాటికి ఇంకా టైముంది.

ఒరిజినల్స్ అమ్ముకునేవాళ్ళకి విషయం, మూడ్ రెండూ కలిసిన గుంపులు మంచివి, ఒకటి పోతే దాని చోటులో ఇంకోటి వేసుకోవచ్చు. గ్యాలరీకో ప్రదర్శనకో దరఖాస్తు పెట్టేవాళ్ళు మాత్రం ఒకే సిరీస్‌నుంచి పంపండి. మీకు ఎన్ని రకాలు వచ్చో చూపించాలన్న ఆరాటం అందరికీ ఉంటుంది, కానీ ఎంపిక చేసేవాళ్ళు ఒక గోడని ఊహించుకుంటూ చూస్తారు, పది రకాల బొమ్మలు చూసి ఆ గోడని ఊహించుకోలేరు.

ఇలస్ట్రేషన్లు వేసేవాళ్ళ లెక్క పూర్తిగా వేరు. పని ఇచ్చే మనిషి తన అవసరంతో వస్తాడు: పిల్లల పుస్తకం, పత్రిక బొమ్మ, ప్యాకెట్ డిజైన్. మీ మనసులోని విషయాలకన్నా వాళ్ళ అవసరాల ప్రకారం పంచితేనే వాళ్ళకి దొరుకుతారు. మీ సొంత బొమ్మలకి పక్కన ఒక గుంపు ఉంచుకోండి, చాలాసార్లు మంచి పనులు దాన్ని చూసినవాళ్ళ దగ్గర్నుంచే వస్తాయి.

నలభై ఏళ్ళ పని ఉన్నవాళ్ళకి కాలం ప్రకారం మొత్తం రికార్డు ఉండాలి, దాంట్లోంచి తీసిన మూడు నాలుగు విషయాల కలెక్షన్లు పైన ఉండాలి. రెండూ కావాలి.

## తేలకపోతే ఇలా చేయండి

బొమ్మలన్నిటినీ అరచేతిలో పట్టేంత చిన్నగా ప్రింట్ తీసి నేల మీద పరవండి. స్క్రీన్ మీద జరపడం వేరు, చేత్తో జరపడం వేరు, నేల మీదైతే ఎప్పుడూ అనుకోని రెండు బొమ్మలు పక్కపక్కన పడి మాట్లాడుకుంటాయి. మీరు గుంపులు చేయకముందే మీ పని తెలియని ఒకరిని పిలిచి చేయమనండి, ఎలా చేయాలో చెప్పకండి. వాళ్ళు ఒక్కో గుంపు పెడుతూ నోటితో అనే మాటలు రాసుకోండి. "ఇవన్నీ ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టున్నాయి" లాంటి మాట ఒకటి వస్తే కలెక్షన్ పేరు సగం దొరికినట్టే.

తర్వాత ప్రతి గుంపులోంచి అన్నిటికన్నా మంచి బొమ్మని తిప్పి బోర్లా పెట్టండి. మిగిలినవి ఇంకా కలిసే ఉన్నాయా? ఆ ఒక్కటి తీయగానే చప్పబడిపోతే అక్కడున్నది ఒక మంచి బొమ్మ, దాని నీడలో ఇంకొన్ని. అలాంటి గుంపుకి ఇంకో రెండు బలమైనవి పడేదాకా ఆగండి. ఎక్కడా ఇమడనివి కొన్ని మిగులుతాయి, వాటిలో మీకు బాగా ఇష్టమైనది ఉంటే దాన్ని దాచకండి, రాబోయే కలెక్షన్‌కి మొదటి బొమ్మ అదే కావచ్చు.

ఇక అమ్మే ఉద్దేశం ఉంటే మొదటి బొమ్మ పోకముందే ఒక నిర్ణయం తీసుకోవాలి: ఇది సెట్టా, విడివిడి బొమ్మలా? ఆండీ వార్హోల్ 1962లో లాస్ ఏంజిలిస్‌లో సూప్ డబ్బాల 32 కాన్వాసులు చూపించినప్పుడు కొన్నిటికి కొనేవాళ్ళు కుదిరారు కూడా. గ్యాలరీ నడిపే ఇర్వింగ్ బ్లమ్‌కి అవన్నీ కలిసుంటేనే అర్థం అనిపించి, ఒప్పుకున్నవాళ్ళని బతిమాలి వెనక్కి తీసుకుని మొత్తం తనే ఉంచుకున్నాడు, అందుకే ఇవాళ 32నీ ఒకే మ్యూజియంలో చూడగలుగుతున్నాం. మీ బొమ్మల కోసం అంత శ్రమ పడే మనిషి దొరక్కపోవచ్చు కాబట్టి ఆ జాగ్రత్త మీరే తీసుకోండి. సెట్ అయితే సెట్‌గానే అమ్ముతానని ముందే చెప్పండి. విడిగా ఇచ్చేట్టయితే ప్రతి బొమ్మ వెనకా కలెక్షన్ పేరు, ఎన్నో బొమ్మ, ఏ ఏడాది అని రాసి, అన్నిటినీ పక్కపక్కన పెట్టి ఒక మంచి ఫొటో తీసి పెట్టుకున్నాకే చేతులు మార్చండి.